నల్లమందు బిళ్ల నుంచి గంజాయి గమ్మీ దాకా: గోదావరి పెద్దల నొప్పులు, మందుల వెనక కథ

భీమవరం, అమలాపురం వైపు ఏ వీధిలో చూసినా రెండు మూడు ఇళ్ల పిల్లలు అమెరికాలోనే ఉంటారు. పురిటికనో, మనవల్ని చూసుకోవడానికనో అక్కడ ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లు పార్కులో బెంచీ మీద చెప్పుకునే కబుర్లలో ఇప్పుడు గమ్మీలు కూడా చేరాయి. చూడ్డానికి పిల్లలు చప్పరించే జెల్లీ బిళ్లలే. లోపలున్నది గంజాయి సారం. పక్కింటి అమెరికావిడ మోకాళ్ల నొప్పులకు రోజూ రాత్రి ఒకటి వేసుకుంటుందని చెబితే, వినేవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత మెల్లగా వివరాలు అడుగుతారు.

అమెరికాలో ఇది నిజంగానే పెరిగింది. 65 దాటినవాళ్లలో గడిచిన ఏడాదిలో గంజాయి వాడామన్నవాళ్లు 2006-07 నాటి జాతీయ సర్వేలో 0.4 శాతం. 2018కి అది 4.2 శాతమైంది. గడిచిన నెలలో వాడినవాళ్లను లెక్కేస్తే 2021లో 4.8 శాతం, 2023లో 7 శాతం. ఏడాది లెక్క, నెల లెక్క ఒకటి కావు కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పెరుగుదల మాత్రం రెండిట్లోనూ ఉంది.

కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 1970లో ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. అప్పుడు దొంగచాటుగా కాల్చినవాళ్లే ఇప్పుడు దుకాణంలో కార్డు గీకి కొనుక్కుంటున్నారు. 1937లో పన్ను పేరుతో, 1970లో నేరుగా కేంద్ర చట్టంతో బిగించిన తలుపును 1996లో వైద్యం కోసమంటూ కాలిఫోర్నియా తెరిచింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ ఓటర్లు సరదా వాడకానికీ సరేనన్నారు. ఇప్పుడు అలాంటి రాష్ట్రాలు 24. కేంద్ర చట్టం మాత్రం అక్కడ ఇంకా ఒప్పుకోలేదు. ఈ మెలిక గురించి మళ్లీ చెబుతాను.

మన దగ్గర కథ దాదాపు తిరగబడి నడిచింది. గంజాయి ఇక్కడ పెద్దవాళ్లకు కొత్త కాదు. రాజమండ్రి రేవుల్లో, కోటిపల్లి దారిలో బైరాగులు చిలుం కింద తడిగుడ్డ పీలిక చుట్టి దమ్ము లాగడం అందరూ చూసిందే. తెల్లదొరల కాలంలో సర్కారే లైసెన్సు ఇచ్చి అమ్మించేది. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో సంతరావూరు, దగ్గుబాడు చుట్టుపక్కల పొలాల్లో బాహాటంగా పండించేవారు. 1893-94లో గంజాయి మీద వేసిన కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని, నిషేధం కంటే పన్ను, అదుపు మేలని తేల్చింది. ఆ సర్కారుకు పన్ను మీదున్న మక్కువ తెలిసినవాళ్లకు ఈ తీర్పు వింతగా అనిపించదు.

అయితే డెల్టాలో పెద్దల అసలు మందు గంజాయి కాదు, నల్లమందు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో దాని వాడకం గోదావరి, విశాఖ జిల్లాల్లో ఎక్కువగా ఉండేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, వరి వచ్చింది. నిలవనీళ్లూ దోమలూ ఉన్నచోట చలిజ్వరం తప్పదు. నల్లమందు వేసుకుంటే జ్వరం దగ్గరకు రాదని జనం నమ్మేవారు. బఠాణీగింజంత ఉండ నోట్లో వేసుకుని నీళ్లు తాగేవారు. కీళ్ల నొప్పికీ, విరేచనాలకూ, నిద్రకూ అదే. దాన్ని వ్యసనమని తిట్టినవాళ్ల కంటే మందని సరిపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. 1959 నుంచి రిజిస్టరైన అలవాటుదారులకు తప్ప దాని అమ్మకం ఆగిపోయింది.

ఆపైన గంజాయి వంతు. 1961 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పాతికేళ్లలో వైద్యేతర వాడకం ఆపాలి. గడువు ముంచుకొస్తుండగా 1985 నవంబరులో మన మత్తుమందుల చట్టం అమల్లోకి వచ్చింది. పూత, మొగ్గ నిషేధం. ఆకు మాత్రం దాని బయట ఉండిపోయింది. పంట కొండలెక్కింది. చింతపల్లి, సీలేరు వైపు నుంచి దిగి తుని, రాజమండ్రి మీదుగా హైవే ఎక్కే సరుకు కథ పేపర్లలో రోజూ చదివేదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒక్కసారే రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. దాంతో గంజాయి అంటే కుర్రాళ్ల జబ్బు, పోలీసు కేసు అనే ముద్ర పడిపోయింది. పెద్దవాళ్ల నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. అది మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి బిళ్లల మీదకు, నిద్రమాత్రల మీదకు మళ్లింది. నా దృష్టిలో గమ్మీల మీద ఆసక్తికి మూలం ఇదే. నొప్పికీ నిద్రలేమికీ నిదానంగా కూర్చుని వైద్యం చేసేవాళ్లు దొరకనప్పుడు ఏ కాలంలోనైనా మనిషి చేతికందింది మింగుతాడు.

గమ్మీతో చిక్కు ఎక్కడొస్తుందంటే, పొగలా అది వెంటనే ఎక్కదు. అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పనిచేయలేదనుకుని ఇంకోటి వేసుకుంటారు, రెండూ కలిసి ఒక్కసారి ఎక్కుతాయి. తల తిరగడం, గుండె దడ, బాత్‌రూమ్‌కి లేచి పడిపోవడం. కెనడాలోని ఒంటారియోలో 65 దాటి గంజాయి విషప్రభావంతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు, అక్కడ గంజాయిని చట్టబద్ధం చేయకముందు, ఏడాదికి లక్షకు 5.8 మంది. 2020లో తినే రకాలు దుకాణాల్లోకి వచ్చాక అది 21.1 అయింది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం: ఆ మందు ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. అయినా బీపీ డాక్టరు దగ్గర ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక ఆ మెలిక. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు వర్తించేది కేంద్ర చట్టం. కాలిఫోర్నియాలో సక్రమంగా కొన్నదే అయినా, వాడానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే వీసాకు ఎసరు రావచ్చు. ఇక్కడ గంజాయి కలిపిన ఏ పదార్థమైనా చట్టం కిందికే వస్తుంది. కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు. ఆకుతో చేసే ‘విజయ’ ఆయుర్వేద మందులు వేరు. అవి లైసెన్సు ఉన్న కంపెనీలు చేసేవి, వైద్యుడి పర్యవేక్షణలో వాడాల్సినవి. సూట్‌కేసులో ఆవకాయ సీసా ఖాళీ అయిన చోట సర్దుకొచ్చే గమ్మీల డబ్బాకు శంషాబాద్ కస్టమ్స్ దగ్గర ఆ వెసులుబాటు లేదు.