ప్రతి వాక్యానికీ ప్రభుత్వాల ఆమోదం: బెర్ట్ బోలిన్ వేసిన దారి

వాతావరణ మార్పు మీద జరిగిన పరిశోధనలను మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ (ఇంటర్‌గవర్నమెంటల్ ప్యానెల్ ఆన్ క్లైమేట్ చేంజ్). దాని నివేదిక బయటికొచ్చిన ప్రతిసారీ రెండు వైపుల నుంచీ విమర్శలు తప్పవు. ప్రభుత్వాలన్నీ కూర్చుని నీరుగార్చేశాయని పర్యావరణ కార్యకర్తలు అంటారు. సైంటిస్టులు రాజకీయం చేస్తున్నారని చమురు, బొగ్గు కంపెనీల తరఫున మాట్లాడేవాళ్లు అంటారు. ఒకే నివేదిక మీద ఇంత విరుద్ధమైన ఆరోపణలు ఎందుకొస్తాయో తెలియాలంటే ఆ సంస్థ పుట్టుక దాకా వెళ్లాలి. 1988 నుంచి 1997 దాకా దానికి మొదటి ఛైర్మన్‌గా ఉన్న స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త బెర్ట్ బోలిన్ గురించి తెలుసుకోవాలి.

బోలిన్ 1925లో పుట్టాడు. స్టాక్‌హోమ్‌లో ఆయన గురువు కార్ల్ గుస్తాఫ్ రాస్బీ, ఆధునిక వాతావరణ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. కంప్యూటర్‌తో వాతావరణాన్ని ముందే చెప్పగలమా అని ప్రిన్స్‌టన్‌లో తొలి ప్రయత్నాలు జరుగుతున్న రోజుల్లో కుర్ర బోలిన్ అక్కడికి వెళ్లి ఆ పని నేర్చుకున్నాడు. 1957లో రాస్బీ హఠాత్తుగా చనిపోవడంతో ముప్ఫై రెండేళ్లకే గురువు నడిపిన పరిశోధన సంస్థ బాధ్యత బోలిన్ మీద పడింది.

రెండేళ్లకు, 1959లో, ఎరిక్ ఎరిక్సన్‌తో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం నిజానికి ఇప్పటికంటే ఎక్కువ పేరు తెచ్చుకోవాల్సింది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం మింగేస్తుంది, బెంగ అక్కర్లేదు అన్నది అప్పటి ధీమా. సముద్రం పైపొర నీటి రసాయన స్వభావం వల్ల అది కొంత మాత్రమే పట్టుకోగలదని, ఆ పైపొర లోతు నీళ్లతో కలవడానికి వందల ఏళ్లు పడుతుందని వీళ్లు లెక్కకట్టి చూపించారు. పరిశ్రమలు ఇలాగే పెరిగితే 2000 నాటికి గాలిలో ఆ వాయువు పాతిక శాతం దాకా పెరుగుతుందన్నారు. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 280 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు అని లెక్క) ఉన్నది 2000లో దాదాపు 369కి చేరింది. అంటే వాళ్లు కాస్త తక్కువగానే అంచనా వేశారన్నమాట.

అయితే బోలిన్‌కు రాజకీయం నేర్పింది కార్బన్ డయాక్సైడ్ కాదు, ఆమ్ల వర్షాలు. 1960ల చివర్లో స్వీడన్ చెరువుల్లో చేపలు చచ్చిపోతుండటానికి బ్రిటన్, జర్మనీ లాంటి దేశాల పొగగొట్టాల నుంచి గాలిలో కొట్టుకొచ్చే గంధకమే కారణమని స్వాంటె ఓడెన్ అనే నేల శాస్త్రవేత్త చెప్పాడు. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సుకు స్వీడన్ సమర్పించిన నివేదిక బృందానికి నాయకుడు బోలిన్. పొగ వదిలే దేశాలు వెంటనే నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ వాటికి కనిపించలేదు. తర్వాత సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ ఆధ్వర్యంలో చాలా దేశాలు కలిసి ఎక్కడికక్కడ కొలతలు తీశాయి. ఎవరి గంధకం ఎవరి నేల మీద పడుతోందో 1977 నాటికి తేలింది. సరిహద్దులు దాటే గాలి కాలుష్యం మీద 1979లో జెనీవాలో ఒప్పందం కుదిరింది. పక్కవాడు తెచ్చిన లెక్కను ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు, తను కూడా కూర్చుని వేసిన లెక్కను కాదనడం మాత్రం కష్టం. నా దృష్టిలో బోలిన్ తర్వాత చేసిన పనంతా ఈ అనుభవం నుంచే వచ్చింది.

1985లో ఆస్ట్రియాలోని విల్లాక్‌లో జరిగిన సమావేశానికి ఆధారం ఆయన సంపాదకత్వంలో తయారైన పెద్ద నివేదికే. మీథేన్ వంటి ఇతర వాయువులను కూడా కలుపుకుంటే, 2030ల నాటికే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైనంత ప్రభావం పడొచ్చని అక్కడ ప్రకటించారు. ఆ తర్వాత సైంటిస్టులు సొంతంగా సిఫార్సులు చేసుకుంటూ పోతారేమో అన్న అనుమానం అమెరికా ప్రభుత్వానికి కలిగింది. ఏ కమిటీ వేసినా అందులో ప్రభుత్వాల ప్రతినిధులు ఉండాలని పట్టుబట్టింది. ఐపీసీసీ పేరులోనే ‘ప్రభుత్వాల మధ్య’ అని ఉండటం వెనక కథ ఇది. పగ్గాలు తమ చేతిలో ఉంచుకోవడానికి పెట్టిన షరతును బోలిన్ బలంగా మార్చుకున్నాడు.

1988 జూన్‌లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెబుతున్నానని అమెరికా సెనేట్ ముందు అన్నాడు. అది మొదటి పేజీ వార్త. అంత గట్టిగా చెప్పడానికి ఆధారాల పరిశీలన ఇంకా సరిపోలేదన్నది బోలిన్ అభిప్రాయం. హాన్సెన్ ఆ తర్వాత బొగ్గు గనులకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో అరెస్టయ్యేదాకా వెళ్లాడు. బోలిన్ ఎప్పుడూ ఆ దారి పట్టలేదు. ఇద్దరిలో ఎవరిది సరైన పద్ధతి అనే వాదన ఇంకా నడుస్తూనే ఉంది. హాన్సెన్ చెప్పింది నిజమైంది కాబట్టి ఆయన పద్ధతే సరైనదనేయడం మాత్రం తొందరపాటు.

అదే ఏడాది నవంబర్‌లో జెనీవాలో బోలిన్ ఛైర్మన్ అయ్యాడు. 1990లో మొదటి నివేదిక, 1992లో రియోలో వాతావరణ ఒప్పందం వచ్చాయి. పేద దేశాల శాస్త్రవేత్తలు బల్ల దగ్గర లేకపోతే ఆ నివేదికను ఆ దేశాలు తమదిగా చూడవని ఆయనకు తెలుసు. అందుకే వాళ్ల భాగస్వామ్యం కోసం మొదట్లోనే ప్రత్యేక కమిటీ ఏర్పడింది.

అసలు పరీక్ష 1995 నవంబర్‌లో మాడ్రిడ్‌లో ఎదురైంది. రెండో నివేదిక సారాంశాన్ని దేశాల ప్రతినిధులు వాక్యం వాక్యం చదివి ఒప్పుకోవాలి. మనిషి ప్రభావాన్ని చర్చించే ఎనిమిదో అధ్యాయం దగ్గర సౌదీ అరేబియా, కువైట్ అడ్డం తిరిగాయి. ఒక్క విశేషణం కోసం రాత్రి దాకా బేరసారాలు నడిచాయి. చివరికి బోలిన్ సూచించిన మాటకు అందరూ సరేనన్నారు. ఆధారాలను తూచి చూస్తే భూమి వాతావరణం మీద మనిషి ప్రభావం గుర్తించదగినంతగా కనిపిస్తోందని వాక్యం ఖరారైంది. ఆ అధ్యాయం బాధ్యత చూసిన బెన్ శాంటర్, నిబంధన ప్రకారం, వచ్చిన వ్యాఖ్యలకు తగ్గట్టు పాఠాన్ని సవరించాడు. 1996 జూన్‌లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సైట్జ్ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో దాన్ని పెద్ద మోసమని రాశాడు. బోలిన్, సహచరులు అదే పత్రికలో జవాబిచ్చారు. కానీ ఆ మచ్చ వేసే పని అప్పటికే అయిపోయింది.

అదే నివేదికలో ఇంకో గొడవ జరిగింది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. వాతావరణ నష్టాన్ని డబ్బులో లెక్కగట్టిన ఆర్థికవేత్తలు సంపన్న దేశంలో పోయే ప్రాణానికి పేద దేశంలో పోయే ప్రాణం కంటే పది రెట్లకు పైగా విలువ కట్టారు. అప్పటి భారత పర్యావరణ మంత్రి కమల్‌నాథ్ సహా చాలామంది భగ్గుమన్నారు. సారాంశంలో ఆ లెక్కలకు చోటు దక్కలేదు. అధ్యాయం రాసినవాళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు. ఇక్కడే బోలిన్ పద్ధతి సరిగ్గా కనిపిస్తుంది. అధ్యాయం శాస్త్రవేత్తలది, సారాంశం మాత్రం ప్రభుత్వాలూ ఒప్పుకోవాల్సింది. మాడ్రిడ్‌లో చమురు దేశాల చేతికి ఆయుధమైన నిబంధనే ఇక్కడ పేద దేశాలకు అక్కరకొచ్చింది. దాన్ని నీరుగార్చడం అని ఎవరూ అనరు!

బోలిన్ 1997లో తప్పుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన రాబర్ట్ వాట్సన్ మరికాస్త గట్టిగా మాట్లాడాడు. వాట్సన్‌ను తప్పించమని చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ నుంచి వైట్‌హౌస్‌కు మెమో వెళ్లిన సంగతి బయటపడింది. 2002లో అమెరికా మద్దతుతో రాజేంద్ర పచౌరి ఆ కుర్చీలోకి వచ్చాడు. ప్రభుత్వాలను లోపల కూర్చోబెట్టుకున్నాక కుర్చీ కూడా వాటి చేతిలోనే ఉంటుంది. 2007లో ఐపీసీసీకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆ డిసెంబర్ చివర్లోనే బోలిన్ కన్నుమూశాడు.

2023 మార్చిలో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో జరిగిన ఐపీసీసీ నివేదిక ఆమోద సమావేశం అనుకున్నదానికంటే రెండు రోజులు ఎక్కువ సాగింది. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హాంగ్‌ఝౌలో తర్వాతి నివేదికలు ఎప్పటికి రావాలన్న దానిపైనే దేశాలు ఒప్పుకోలేకపోయాయి. పట్టుబట్టి ‘ప్రభుత్వాల మధ్య’ అనే మాట పెట్టించిన అమెరికా ఆ సమావేశానికి అసలు ప్రతినిధులనే పంపలేదు.