పనిలో దెబ్బ తగిలితే వచ్చే పరిహారం: మన దగ్గర తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూల్లో కార్మికుల కేసులు చూసే లాయర్‌ని. ఆదోని జిన్నింగ్ మిల్లుల నుంచి, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ యూనిట్ల నుంచి, హైవే లారీల నుంచి మా దగ్గరకు వచ్చే కుటుంబాలు చాలావరకు ఆలస్యంగానే వస్తాయి. అప్పటికే ఎవరో ఒకరు "ఇది కేసు కాదు, ఇచ్చింది తీసుకోండి" అని నమ్మించి ఉంటారు. అలా నమ్మించే మాటల్లో నేను పదేపదే వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్దమనుషుల ముందు రాజీ అయ్యి, కాగితం మీద వేలిముద్ర వేశాక ఇంకేమీ రాదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మనిషి చనిపోయిన మూడో రోజో, కర్మకాండ అయిపోయిన మర్నాడో పంచాయితీ పెడతారు. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ముందే టైపు కొట్టించుకొని వస్తారు. "మా ఇష్టపూర్వకంగా మూడు లక్షలు తీసుకున్నాము, ఇకపై యజమాని మీద ఎటువంటి కేసులూ వేయము" అని ఉంటుంది. చదవడం రాని భార్య చేత కింద వేలిముద్ర వేయించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తారు. ఆమెకు ఆ కాగితం కాపీ కూడా ఇవ్వరు.

ఆ కాగితంతో హక్కు పోదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో (2025 నవంబర్ 21కి ముందు జరిగిన ప్రమాదాలకు ఇదే చట్టం) 17వ సెక్షన్ ప్రకారం పరిహారాన్ని వదులుకుంటాననో తగ్గించుకుంటాననో రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. మనిషి చనిపోయిన కేసులో డబ్బు కమిషనర్ (ఈ పరిహార కేసులు విచారించే అధికారి) దగ్గర డిపాజిట్ చేయాలని 8వ సెక్షన్ చెప్తుంది. యజమాని నేరుగా చేతికిచ్చింది పరిహారం చెల్లించినట్టు లెక్కలోకి రాదు. అడ్వాన్సుగా ఇచ్చి ఉంటే మూడు నెలల జీతం వరకు మాత్రమే మినహాయించుకోవచ్చు. బతికున్న మనిషి దెబ్బకు రాజీ పడదలిస్తే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువ అనిపిస్తే ఆయన నమోదు చేయకుండా ఆపవచ్చు.

ఆ మూడు లక్షలు ఎంత తక్కువో లెక్క వేసి చూడండి. మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఉన్న ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. జీతం 18,000 వచ్చినా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు, 2020 జనవరి 3 నుంచి పరిమితి అదే. అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. దాని మీద ప్రమాదం నాటి నుంచి 12 శాతం వడ్డీ. పరిహారం ఆ రోజు నుంచే బాకీ పడుతుందని సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. నెలలోపు కట్టకుండా సరైన కారణం లేకుండా సాగదీస్తే 50 శాతం వరకు జరిమానా కూడా వేయవచ్చు. వడ్డీ ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా జరిమానా మాత్రం యజమాని జేబు నుంచే పోవాలి.

ఇంకో విషయం, డబ్బు కమిషనర్ దగ్గర పడితే భార్యకు ఎంత, తల్లిదండ్రులకు ఎంత, పిల్లల పేరు మీద ఎంత ఫిక్స్‌డ్ డిపాజిట్ అని ఆయనే పంచుతారు. పంచాయితీలో ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి పోయిందో చాలాసార్లు ఆ పిల్లల తల్లికే తెలియదు.

అపోహ: తప్పు మనవాడిదే, కాబట్టి ఏమీ రాదు.

ఈ చట్టంలో తప్పు ఎవరిదని వెతకరు. పని వల్ల, పని చేస్తుండగా దెబ్బ తగిలిందా అన్నదే ప్రశ్న. తాగి ఉండటం, కావాలని రక్షణ కవచం తీసేయడం లాంటివి యజమాని వాదించవచ్చు గానీ, మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ వాదన కూడా పనికిరాదు.

లారీ డ్రైవర్ల ఇళ్లలో ఇది తప్పకుండా తెలిసి ఉండాలి. డ్రైవర్ నిద్రమత్తులో ఆగి ఉన్న బండిని గుద్ది చనిపోతే, తప్పు అతనిదే కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు నిలబడటం కష్టం. పరిహార చట్టం కింద మాత్రం అతని కుటుంబానికి వస్తుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి, కాబట్టి తొందరపడి ఏదో ఒకటి వేసేయకుండా ముందు ఎవరినైనా అడగండి.

అపోహ: హాజరు పట్టీలో పేరు లేదు, మేస్త్రీ కింద రోజు కూలీ, మనకు వర్తించదు.

వర్తిస్తుంది. క్యాజువల్ కూలీలను పక్కన పెట్టే మాటను 2000 సవరణతోనే తీసేశారు. కాంట్రాక్టర్ ద్వారా పని చేసినా 12వ సెక్షన్ కింద అసలు యజమాని మీద క్లెయిమ్ వేయవచ్చు, ఆయన తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకుంటాడు.

అసలు చిక్కు రుజువు దగ్గర. దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చేది చాలాసార్లు యజమాని మనిషే. ఎలా తగిలిందని డాక్టర్ అడిగితే "బైకు మీంచి పడ్డాడు" అని చెప్తాడు, కేస్ షీటులో అదే ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత నేను కేసు వాదిస్తుంటే అవతలి లాయర్ ఆ ఒక్క లైను చూపిస్తాడు. ఇంట్లో వాళ్లు వెళ్లిన వెంటనే ఆ షీటులో ఏం రాశారో అడిగి, తప్పుంటే ఆ రోజే సరిచేయించండి. కూలి ఫోన్‌పేలో పడి ఉంటే ఆ ఎంట్రీలు, మేస్త్రీ రాసిచ్చిన చీటీలు, పని చోట దిగిన ఫోటోలు, పక్కన పనిచేసిన వాళ్ల ఫోన్ నంబర్లు దాచిపెట్టుకోండి.

అపోహ: ఆసుపత్రి బిల్లు కట్టాడు కదా, లెక్క తీరిపోయింది.

బిల్లు వేరు, పరిహారం వేరు. పని దెబ్బకు అయిన వైద్య ఖర్చు యజమానే భరించాలని 2009 సవరణలో చేర్చారు. దానికి తోడు మనిషి మంచాన ఉన్నన్నాళ్లు, ఐదేళ్లు మించకుండా, ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి.

అపోహ: సదరం (వైకల్య) సర్టిఫికెట్లో 40 శాతం రాలేదు, ఇంక కేసు లేదు.

సదరంలో చూసే 40 శాతం పెన్షన్ కోసం. పరిహారానికి చట్టంలోనే షెడ్యూలు ఉంది: బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం, అలా. పాలిష్ మిషన్లో రెండు వేళ్లు పోగొట్టుకున్న 40 ఏళ్ల మనిషికి 15,000 జీతం మీద లెక్క వేస్తే 3,31,506 రూపాయలు (వైకల్యానికి జీతంలో సగం కాదు, 60 శాతం తీసుకుంటారు). సదరంలో ఎంత వేశారన్నది ఈ లెక్కకు అడ్డం కాదు. షెడ్యూల్లో లేని దెబ్బ అయితే సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టర్ అంచనా వేస్తారు.

చేసే పనిని బట్టి కూడా చూడాలి. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగికి, ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం కింద ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. నేను పైన చెప్పిన 1975 తీర్పు అదే.

అపోహ: సుగ్గికి (వలస పనికి) పోయిన చోటే కేసు వేయాలి.

అక్కర్లేదు. బెంగళూరు బిల్డింగు మీంచి పడినా, కోసిగి మనిషి కుటుంబం తాము ఉండే ప్రాంతపు కమిషనర్ దగ్గరే, అంటే కర్నూల్లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఛార్జీలకు భయపడి వదిలేసిన వాళ్లను చూశాను, అందుకే చెప్తున్నా.

అపోహ: దారిలో జరిగింది పని ప్రమాదం కాదు.

డ్యూటీకి పోతూ బైకు ప్రమాదంలో చనిపోయిన ఒక వాచ్‌మన్ కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, సమయానికీ చోటుకీ పనితో సంబంధం ఉంటే పరిహారం వర్తిస్తుందని చెప్పింది.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు దారి వేరు. వాళ్లు అదే దెబ్బకు ఈ చట్టం కింద అడగలేరు, ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా అది వర్తిస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, 1923 చట్టం అందులో కలిసింది. మరణానికి 50 శాతం, పూర్తి వైకల్యానికి 60 శాతం, వయసును బట్టి అంకె అనే పద్ధతి అలాగే ఉంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలు పాత చట్టం కిందే నడుస్తాయి.

గడువు రెండేళ్లు. దాటిపోయినా ఆశ వదులుకోకండి, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. "ఇస్తాం, ఇస్తాం" అని యజమాని తిప్పుకున్న వాట్సాప్ మెసేజీలు ఉంటే డిలీట్ చేయకుండా వచ్చేటప్పుడు ఆ ఫోనే తీసుకురండి.