పొగరాయుళ్లకు ఫ్లూ ఎందుకు ఎక్కువ?

సిగరెట్ అనగానే మనకు గుర్తొచ్చేది క్యాన్సర్. సినిమా హాల్లో బొమ్మ పడే ముందు చూపించేదీ అదే. అది రావడానికి ఏళ్లు పడుతుంది కదా అని పాతికేళ్ల కుర్రాడు లెక్కచెయ్యడు. కానీ పొగ కొట్టే దెబ్బల్లో ఆ వయసులోనే, ఆ చలికాలంలోనే తగిలేది ఒకటుంది.

ఇజ్రాయెల్ సైన్యంలోని ఓ దళంలో హెచ్1ఎన్1 ఫ్లూ చెలరేగినప్పుడు 336 మంది యువకుల వివరాలు సేకరించి 1982లో ప్రచురించారు. పొగతాగేవాళ్లలో 68.5 శాతం మందికి ఫ్లూ వచ్చింది. అలవాటు లేనివాళ్లలో 47.2 శాతం మందికే. మంచం పట్టినవాళ్లు, పనికి వెళ్లలేకపోయినవాళ్లు అటు 50.6 శాతం, ఇటు 30.1 శాతం. అందరూ ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లే, ఉన్నదీ ఒకే దళంలో. కాబట్టి ముసలితనం మీదకో పేదరికం మీదకో నెట్టడానికి లేదు.

అయినా ఒక అనుమానం మిగులుతుంది. దమ్ము కొట్టేవాళ్లు గుంపుగా చేరతారు, ఒకే సిగరెట్‌ని చేతులు మారుస్తారు. వైరస్ అలా అంటుకుందేమో? ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం ఉండేది. అక్కడ స్వచ్ఛందంగా వచ్చిన 391 మంది ముక్కుల్లో జలుబు తెప్పించే ఐదు రకాల వైరస్‌లలో ఏదో ఒకటి చుక్కలుగా వేశారు. ఆ ఫలితాలు 1993లో వచ్చాయి. వైరస్ అందరికీ ముక్కులోకే చేరినా, జలుబు ఎక్కువగా పట్టుకున్నది పొగతాగేవాళ్లనే. అంటే తేడా లోపలే ఉంది.

లోపల ఏముంది? శ్వాసనాళాల గోడల మీది కణాల్లో ఒక్కోదానికి దాదాపు రెండు వందల సన్నటి నూగులు ఉంటాయి. వీటిని సీలియా అంటారు. గాలికి వరిచేను ఊగినట్టు ఇవన్నీ ఒకే వరసలో, సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, దుమ్మూ క్రిములూ అంటుకున్న కఫాన్ని గొంతు దాకా తోస్తాయి. మనం తెలియకుండానే మింగేస్తాం. పొగకు ఈ సీలియా పొట్టివైపోతాయి, కఫం ఊరడం మాత్రం పెరుగుతుంది. పైకి తోసే నాథుడు లేక ఆ పని దగ్గు నెత్తిన పడుతుంది. బీడీ తాగే పెద్దాయన పొద్దున్నే మంచం మీద కూర్చుని గల్ల ఊసేదాకా దగ్గేది అందుకే. అంతదాకా కఫం కదలక లోపలే నిలిచిపోతుంది. వైరస్‌కి కావలసింది కూడా ఆ ఆలస్యమే.

ఇంకోటి ఇంటర్ఫెరాన్. వైరస్ సోకిన కణం దీన్ని విడుదల చేసి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తుంది. పొగతాగేవాళ్ల ముక్కులోంచి తీసిన కణాలకు ల్యాబులో ఫ్లూ వైరస్ సోకిస్తే ఈ స్పందన బలహీనంగా కనిపించింది.

కోవిడ్ మొదట్లో కథ అడ్డం తిరిగినట్టే అనిపించింది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో పొగతాగేవాళ్లు తక్కువున్నారని, నికోటిన్ కాపాడుతోందేమోనని పారిస్ వైద్యులు కొందరు అన్నారు. జనం ఎగబడకుండా 2020 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ నికోటిన్ ప్యాచ్‌ల (సిగరెట్ మానడానికి ఒంటికి అంటించుకునే పట్టీల) అమ్మకాలకు పరిమితి పెట్టింది! ఆయాసంతో వచ్చిన రోగిని ‘సిగరెట్ తాగుతారా’ అని సరిగ్గా అడిగి రాసుకునే తీరిక అప్పుడు ఎవరికుంది? నా దృష్టిలో ఆ లెక్కల్లో పెద్ద లొసుగు అదే. 2021లో బ్రిటన్‌లో పెద్ద ఎత్తున చేసిన అధ్యయనంలో, ఎన్నడూ తాగనివాళ్లకంటే తాగేవాళ్లు కోవిడ్‌తో ఆసుపత్రి పాలయ్యే అవకాశం 80 శాతం ఎక్కువని తేలింది.

మానేసినవాళ్లు కొందరు మొదటి వారాల్లో ‘మానేశాకే దగ్గు ఎక్కువైంది’ అని బెంబేలెత్తి మళ్లీ అగ్గిపెట్టె వెతుక్కుంటారు. నిజానికి అప్పుడు సీలియా కోలుకుంటూ, పేరుకున్న కఫాన్ని పైకి తోయడం మొదలుపెడతాయి. ఆ దగ్గు చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, గల్లలో రక్తం కనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి.