దూలగొండి పొడి తగవు వెనుక కథ

విజయనగరం జిల్లా కొండవార గ్రామాల సంతల్లో దూలగొండి గింజల పొడిపై వాదం మళ్లీ రాజుకుంది. వణుకుడు జబ్బుకు ఇది చాలు, మాత్రలు మానేయవచ్చని అమ్మేవారు అంటున్నారు. పార్కిన్సన్స్ రోగులు ఆ మాట విని మందులు ఆపేస్తున్నారని డాక్టర్లు ఆందోళన పడుతున్నారు.

అమ్మేవారి మాట పూర్తిగా గాలి మాట కాదు. 1937లో, ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, మద్రాసులోనే దామోదరన్, రామస్వామి ఈ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. కదలికలను నడిపే, పార్కిన్సన్స్ రోగుల మెదడులో తగ్గిపోయే డోపమిన్ అనే రసాయనాన్ని మన శరీరం తయారు చేసుకునేది దాని నుంచే. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త సర్పగంధి నుంచి వచ్చిన రిసర్పిన్ అనే మందుతో కుందేళ్లను కదలలేని స్థితికి తెచ్చి, ఎల్-డోపాతో మళ్లీ లేపాడు. 1967 నాటికి అమెరికాలో కోట్జియాస్ అనే డాక్టరు దీనితోనే పార్కిన్సన్స్ రోగులను నడిపించాడు.

అయితే ఆ రోగులు రోజుకు కొన్ని గ్రాముల ఎల్-డోపా మింగవలసి వచ్చింది. నేటి తగవంతా ఇక్కడే ఉంది. మింగిన మందులో అధిక భాగాన్ని డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము పేగుల్లో, కాలేయంలోనే డోపమిన్‌గా మార్చేస్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డును డోపమిన్ దాటలేదు. బయటే తిరుగుతూ వాంతులు పుట్టిస్తుంది, లేచి నిలబడితే రక్తపోటు పడిపోయేలా చేస్తుంది. 1970లలో ఎల్-డోపా మాత్రల్లో కార్బిడోపా అనే మరో మందును జోడించారు. అది మెదడులోకి వెళ్లకుండా, బయట ఉన్న ఎంజైమునే అడ్డుకుంటుంది. దాంతో మునుపటి మోతాదులో సుమారు నాలుగో వంతే సరిపోయింది.

పొడిలో కార్బిడోపా లేదు. పైగా ఎల్-డోపా శాతం గింజ గింజకూ మారుతుంది. చెంచాడు పొడిలో ఎంత ఉందో అమ్మే మనిషికీ తెలియదు. 2004లో లండన్‌లో 8 మంది రోగులపై జరిగిన పరీక్షలో ఈ పొడి మాత్రల కన్నా త్వరగా, ఎక్కువసేపు పనిచేసిన మాట నిజమే. కానీ అక్కడ ఇచ్చింది ఎల్-డోపా ఎంతుందో కొలిచిన పొడి, చూసింది డాక్టర్లు.

నెలనెలా పట్నం వెళ్లి మందులు కొనలేని ఇళ్లే పొడి వైపు చూస్తున్నాయి, వారిని తప్పుపట్టలేం. మాత్రలతో పాటు పొడి కూడా వేసుకుంటే డోపమిన్ మితిమీరి ఒళ్లు మెలికలు తిరగవచ్చు. మాత్రలు ఒక్కసారిగా ఆపితే కండరాలు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. పొడి వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. డాక్టర్లు కూడా కసురుకోకుండా అడగాలి.