ట్రైపాడ్ కాలు ఎంత లావుండాలి?

కొత్తగా ట్రైపాడ్ కొనేవాళ్ల కళ్లు ముందు డబ్బా మీది ఒక అంకె దగ్గర ఆగుతాయి. 8 కిలోలు మోస్తుంది, 12 కిలోలు మోస్తుంది అని అక్కడ రాసి ఉంటుంది. మన కెమెరా, లెన్సు కలిపి తూచినా కిలోన్నర దాటదు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. తీరా 200 ఎం.ఎం. లెన్సు బిగించి, పొద్దు వాలుతుండగా అర సెకను ఎక్స్‌పోజర్‌తో, అంటే అంతసేపు వెలుగు లోపల పడేలా, ఫొటో తీస్తే, చెట్టు కొమ్మల అంచులన్నీ అలుక్కుపోయి వస్తాయి. ట్రైపాడ్ ఒరగలేదు, కుంగలేదు, బరువును హాయిగా మోసింది. అయినా ఫొటో పాడైంది. బరువు మోయడం వేరు, కదలనివ్వకుండా పట్టుకోవడం వేరు. డబ్బా మీది అంకె మొదటి పని గురించి చెబుతుంది, మనకు కావలసింది రెండోది. పైగా ఆ అంకెను ఎలా కొలవాలన్న విషయంలో కంపెనీలన్నీ పాటించే ఒకే పద్ధతి అంటూ లేదు, ఎవరి కొలత వారిదే. కాబట్టి రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల పెద్దగా తేలేదేమీ ఉండదు.

ఎంత చిన్న కదలిక ఫొటోను చెడగొడుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం. కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో చుక్క) వెడల్పు 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగు అనుకుంటే, 200 ఎం.ఎం. లెన్సుతో ఒక పిక్సెల్ చూసే కోణం సుమారు 4 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఆర్క్ సెకను. మీటరు పొడవున్న కడ్డీని ఒక కొసన బిగబట్టి, రెండో కొసను 20 మైక్రాన్లు పక్కకు జరిపితే ఆ కడ్డీ తిరిగేది ఇంత కోణమే. 20 మైక్రాన్లంటే తలవెంట్రుక మందంలో ఇంచుమించు మూడోవంతు. కెమెరా అంతమాత్రం తిరిగినా చుక్కలా పడాల్సిన వెలుగు పక్క పిక్సెల్‌లోకి పాకుతుంది. అదే 24 ఎం.ఎం. లెన్సయితే ఒక పిక్సెల్ చూసే కోణం 34 ఆర్క్ సెకన్లు, అంటే ఎనిమిది రెట్లకు పైగా వెసులుబాటు. ఒకే ట్రైపాడ్ ఒకరికి అద్భుతంగా, మరొకరికి పనికిమాలినదిగా తోచడానికి కారణం చాలాసార్లు వాళ్ల లెన్సుల్లోనే ఉంటుంది.

ఇక్కడ తిరగడం, జరగడం అనే రెంటినీ విడిగా చూడాలి. దూరంగా ఉన్న కొండను తీస్తున్నప్పుడు కెమెరా మొత్తం పక్కకు 20 మైక్రాన్లు జరిగినా ఏమీ కాదు, తిరిగితేనే నష్టం. పువ్వు మీది చీమను అసలు పరిమాణంలో సెన్సర్ మీద పడేలా తీసే మాక్రోలో మాత్రం జరిగినా నష్టమే. 20 మైక్రాన్ల జరుగుడు అక్కడ 5 పిక్సెళ్ల అలుకు.

కాళ్లు మూడే ఎందుకన్నదానికి జ్యామితిలో జవాబుంది. మూడు బిందువులు ఎక్కడున్నా వాటి గుండా ఒక తలం పోతుంది కాబట్టి, ఎగుడుదిగుడు నేల మీద కూడా మూడు కొసలూ నేలను తాకుతాయి. నాలుగో కాలు వచ్చిందంటే బల్ల కింద అట్టముక్క పెట్టుకోవలసిన అవస్థ మొదలవుతుంది. కెమెరాను కదలకుండా నిలపాల్సిన అవసరం ఫొటోగ్రఫీతోపాటే పుట్టింది. 1838లో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచివాడు దగేర్ పారిస్‌లోని ఒక వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగింది. ఆ చిత్రంలో కదిలే మనుషులు, బళ్లు మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు.

ఇక కాళ్ల విషయం. ట్రైపాడ్ మంచిచెడ్డలు చాలావరకు తేలేది ఇక్కడే. పలుచని గొట్టం ఒకటి తీసుకోండి. గోడ మందం అంతే ఉంచి వ్యాసం సగం చేస్తే, వంగకుండా నిలిచే దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వ్యాసం ఘనంతో వచ్చే లెక్క ఇది. మెలి తిరగకుండా నిలిచే గుణానికి కూడా ఇదే వర్తిస్తుంది. నాలుగు భాగాలుగా మడిచే కాలులో పైగొట్టం 28 ఎం.ఎం. ఉంటే, దానిలోకి దూరేవి వరసగా 25, 22, 19 ఎం.ఎం. ఉంటాయనుకుందాం. అన్నిటికన్నా కింది గొట్టం దృఢత్వం పైదానిలో మూడోవంతు కూడా ఉండదు. ఐదో భాగం 16 ఎం.ఎం.ది చేరిస్తే అది ఐదోవంతుకన్నా తక్కువ. సంచిలో ఇమిడిపోయే బుల్లి ట్రైపాడ్లు ముద్దుగానే ఉంటాయి, కానీ వాటి కాళ్ల కొసలు చేతికర్రకన్నా సన్నం. ఎంత తక్కువ పొడవుకు మడుస్తామో అన్ని భాగాలు కావాలి. భాగాలు పెరిగేకొద్దీ కింది గొట్టం సన్నబడుతుంది, బిగించే మరలూ పెరుగుతాయి. అందుకే పైగొట్టం వ్యాసం గొప్పగా చెప్పుకునే చోట నేను కింది గొట్టం వ్యాసం చూడమంటాను. అలవాటుగా ఫొటోలు తీసేవాళ్లు మూడు లేదా నాలుగు భాగాల దగ్గర ఆగడం మంచిది.

పొడవుదీ ఇదే కథ. ఒక కొసన బిగించిన కడ్డీ పొడవు రెట్టింపయితే, రెండో కొస మీద అదే బలానికి ఎనిమిది రెట్లు వంగుతుంది. నడుమ నుంచి పైకి లేచే సెంటర్ కాలమ్‌ను ఈ దృష్టితో చూడాలి. 15 సెంటీమీటర్లు లేపిన దానికీ 30 సెంటీమీటర్లు లేపిన దానికీ తేడా రెండింతలు కాదు, ఎనిమిదింతలు. కాలమ్ పూర్తిగా లేపాక కెమెరా నిలబడి ఉన్నది మూడు కాళ్ల మీద కాదు, ఒంటికాలి మీద. బాగా అవసరమైతే తప్ప దాన్ని ముట్టుకోకండి. తీసేసే వీలుంటే ఇంకా మేలు, కెమెరాను నేలకు దగ్గరగా దించుకోవచ్చు.

మరి కెమెరాను కదిపేది ఎవరు? గాలి, షట్టర్ నొక్కే మన వేలు, డీఎస్ఎల్ఆర్‌లో పైకి లేచే అద్దం, షట్టర్ తెర. ఏ దెబ్బ తగిలినా ట్రైపాడ్ తన సహజ వేగంతో కంపిస్తుంది, తర్వాత మెల్లగా చల్లారుతుంది. ప్రమాదకరమైన షట్టర్ స్పీడ్లు సుమారు 1/60 నుంచి 1 సెకను దాకా ఉంటాయి. అంతకన్నా వేగంగా తీస్తే కంపనానికి వ్యవధి చాలదు. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మొదటి అర సెకను అదిరినా అది మొత్తంలో అరవయ్యోవంతే. సరిగ్గా మధ్యలో ఉన్న వేగాల్లో ఎక్స్‌పోజర్ అంతా అదురులోనే గడిచిపోతుంది. 2 సెకన్ల సెల్ఫ్ టైమర్ పెట్టుకోవడం, అద్దాన్ని ముందే లేపి ఉంచడం, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (ఎక్స్‌పోజర్‌ను తెర కదలకుండా సెన్సరే మొదలుపెట్టే పద్ధతి) వాడటం ఖర్చు లేని మందులు. ఇవి చేయకుండా ఖరీదైన ట్రైపాడ్ కొనడంలో అర్థం లేదు.

దుకాణంలోనే చేసి చూడగల పరీక్ష ఒకటుంది. మీ కెమెరానూ మీ దగ్గరున్న పొడవాటి లెన్సునూ వెంట తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా చాపి, కాలమ్ దించి ఉంచి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ, దూరంగా ఉన్న ఏదైనా అక్షరం మీద ఫోకస్ చేసి 10 రెట్లు పెద్దది చేయండి. లెన్సు కొసను వేలిగోరుతో చిన్నగా తట్టండి. తెర మీది అక్షరం చెదిరి, రెండుగా మూడుగా కనబడి, ఊగుతూ ఊగుతూ నిలబడుతుంది. నిలబడేదాకా మనసులో లెక్కపెట్టండి. మంచి కాళ్లయితే ఒకటి అనేలోపు అక్షరం కుదురుకుంటుంది. నాసిరకమైతే మూడు, నాలుగు దాకా వణుకుతూనే ఉంటుంది. రెండోసారి తట్టేటప్పుడు పక్కనుంచి తట్టండి. మెలిక బలహీనత అప్పుడు బయటపడుతుంది. పది పేజీల వివరాలు చెప్పలేనిది ఈ వణుకు చెప్పేస్తుంది.

కాళ్లు దేనితో చేశారన్నది తర్వాతి ప్రశ్న. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, కార్బన్ ఫైబర్‌ది సుమారు 1.6. అంటే అదే దృఢత్వాన్ని తక్కువ బరువులో సాధించవచ్చు, పైగా చలిలో చేతికి కొరికినట్టు చల్లగా తగలదు. గిట్జో 1994లో కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ తెచ్చింది, ఇప్పుడు ఆ పదార్థం అన్ని స్థాయిల్లోనూ దొరుకుతోంది. అల్యూమినియానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, కార్బన్‌కు గట్టి దెబ్బ తగిలితే పగలవచ్చు. సన్నటి కార్బన్ కాలుకన్నా లావాటి అల్యూమినియం కాలే నయమని నా నమ్మకం. చెక్కను కూడా తక్కువ చేయలేం. కంపనాన్ని తనలో అణచుకునే గుణం దానికి బాగా ఉంది, అందుకే జర్మనీకి చెందిన బెర్లెబాక్ యాష్ కలపతో చేసే ట్రైపాడ్లను టెలిస్కోపు వాడేవాళ్లు ఇప్పటికీ కొనుక్కుంటున్నారు.

ఎత్తు ఎంచుకునేటప్పుడు మీ ఎత్తును కాదు, మీ కంటి ఎత్తును చూడండి. 170 సెంటీమీటర్ల మనిషి కళ్లు సుమారు 158 దగ్గర ఉంటాయి. కాళ్ల పైన కెమెరాను పట్టుకుని తిప్పే హెడ్‌కు 10, కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ దాకా 8 తీసేస్తే, కాలమ్ లేపకుండా 140 సెంటీమీటర్ల కాళ్లు చాలు. తెర వంగే కెమెరా అయితే ఇంకా తక్కువైనా ఫరవాలేదు. వాలు నేల మీద మాత్రం కొంత అదనపు పొడవు అక్కరకొస్తుంది.

హెడ్ గురించి ఎక్కువ చెప్పను. బంతి మీద తిరిగే బాల్ హెడ్ త్వరగా తిరుగుతుంది, ప్యాన్-టిల్ట్ హెడ్ ఒక్కో దిశను విడిగా సర్దుకోనిస్తుంది, పక్షులను తీసే బరువైన లెన్సులకు, వాటిని ఊయలలా తూకంగా పట్టుకునే గింబల్ హెడ్ సుఖం. బాల్ హెడ్ కొనేటప్పుడు ఫ్రేము కుదిర్చి, మర బిగించి, చెయ్యి వదిలాక లెన్సు కిందికి ఎంత జారిందో చూడండి. మాక్రో తీసేవాళ్లకు ఆ కొద్ది జారుడే నరకం. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. కాళ్లకూ హెడ్‌కూ మధ్యది సాధారణంగా 3/8 అంగుళం, 16 చుట్లు. ఇవి ప్రపంచమంతా ఒకటే కాబట్టి ఒక కంపెనీ కాళ్ల మీద మరో కంపెనీ హెడ్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కెమెరా అడుగున బిగించి హెడ్ క్లాంపులో దూర్చే ప్లేటు, ఆర్కా-స్విస్ కంపెనీ తరహాది, అంటే సుమారు 38 ఎం.ఎం. వెడల్పుది తీసుకుంటే రేపు హెడ్ మార్చినా ప్లేట్లు మార్చే పని ఉండదు. మీటతో బిగించే క్లాంపుల్లో కొన్ని ప్లేట్లు వదులవుతాయి, మరతో బిగించేవి ఆ తేడాను సర్దుకుంటాయి.

వాడుకలో మరిచిపోకూడనివి కొన్ని. కాళ్లు చాపేటప్పుడు లావు గొట్టాలు ముందు, సన్నవి ఆఖరున. వాలు మీద రెండు కాళ్లు కిందివైపు, ఒకటి పైవైపు. మామూలు నేల మీద ఒక కాలు లెన్సు కిందికి వచ్చేలా తిప్పుకుంటే ముందుకు ఒరగదు. నడుమ కొక్కేనికి సంచి తగిలిస్తే బరువు పెరిగి నిలకడ వస్తుంది, కానీ గాలికి ఆ సంచి ఊగితే అదే కొత్త కంపనం, కాబట్టి సంచి అడుగు నేలను కాస్త తాకేలా ఉంచండి. సముద్రపు ఇసుకలో నిలబెట్టిన కాళ్లను ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, భాగాలు విప్పి ఆరబెట్టాలి. ఉప్పూ ఇసుకా బిగింపు మరల్లో చేరితే ఎంత మంచి ట్రైపాడయినా కరకరమంటుంది.

ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు పాత లెన్సుల్లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపేయడం మేలు, లేని కదలికను వెతుక్కుంటూ అదే అదురు పుట్టించవచ్చు. కొత్తవాటిలో చాలావరకు ట్రైపాడ్‌ను తామే పసిగడతాయి. నక్షత్రాల దగ్గర మాత్రం ఏ ట్రైపాడ్ అయినా చేతులెత్తేస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది కాబట్టి కాళ్లు ఎంత గట్టివైనా చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, అంటే దాని ఎం.ఎం. అంకెతో భాగిస్తే గీతలు కనబడని ఎక్స్‌పోజర్ సెకన్లలో వస్తుందని ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాలకు ఒక పాత లెక్క ఉంది. 20 ఎం.ఎం. లెన్సుకు 25 సెకన్లు. ఎక్కువ పిక్సెళ్లున్న నేటి సెన్సర్లకు అందులో సగమే నమ్మదగినది. అంతకు మించి కావాలంటే ట్రైపాడ్ మీద, భూభ్రమణానికి ఎదురుగా కెమెరాను తిప్పే ట్రాకర్ పెట్టుకోవలసిందే. దాని బరువు కూడా మోస్తూ వణకకుండా నిలవాలంటే మళ్లీ లావాటి కాళ్లే కావాలి.