మార్ఫిన్ అడిగితే డాక్టరు అనుమానిస్తారా?

క్యాన్సరు నొప్పితో మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది, తీవ్రమైన నొప్పిని తగ్గించే మందైన మార్ఫిన్ పేరెత్తడానికే జంకుతారు. అడిగితే తమను మత్తుకు అలవాటుపడిన మనిషిగా జమకడతామని వారి భయం. రోగులను ఇంతగా బాధపెట్టే అపోహ మరొకటి లేదు.

అపోహ: వేళకు ముందే మాత్ర అడిగినవారిని వైద్యులు వ్యసనపరులుగా లెక్కిస్తారు.

వాస్తవం: అడిగినంత మాత్రాన మేము ఏ నిర్ణయానికీ రాము. నొప్పి ఎక్కడుంది, మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలు నెమ్మదిస్తోంది, నిద్ర పడుతోందా, మద్యం అలవాటుందా, మాత్రలెన్ని మిగిలాయి అని అందరినీ అడిగినట్టే అడుగుతాము. మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలే పనిచేస్తుంది కనుక, రోజుకు మూడు పూటలే రాసిచ్చిన చోట రోగి మధ్యలో మళ్లీ అడుగుతున్నాడంటే, ముందుగా సరిదిద్దవలసింది మందుల చీటీని.

నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను, నొప్పి పదికి ఎంత ఉందని అడిగాను. "రెండో మూడో ఉంటది సారూ" అన్నాడు, కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని. వెనక నిలబడ్డ కోడలు తల అడ్డంగా ఊపింది. "మాత్రలకు మరిగిండని అంటరేమోనని మామ చెప్తలేడు సార్" అని తర్వాత చెప్పింది. మోతాదు పెంచాము. ఆయనకు మలబద్ధకం వచ్చింది గాని వ్యసనం రాలేదు. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది కనుకనే దానికి మందు మొదటిరోజే రాస్తాము.

మాకు అనుమానం కలిగించేవి వేరు: ఒకరికి తెలియకుండా మరొక డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవడం, మాత్రలు పోయాయని పదేపదే చెప్పడం, నొప్పి తగ్గినా మోతాదు పెంచమనడం. అప్పుడు కూడా నొప్పిని గాలికి వదిలేయము. తక్కువ రోజులకు మందిచ్చి త్వరగా రమ్మంటాము. అయితే ఏళ్ల తరబడి ఉన్న నడుంనొప్పికి ఈ మందు అడిగితే నిజంగానే వెనకాడుతాము, ఎందుకంటే అక్కడ మేలు తక్కువ, ప్రమాదం ఎక్కువ.

అపోహ: మానేస్తే వణుకు, చెమటలు వస్తాయి కనుక అది వ్యసనమే.

వాస్తవం: కాదు. వారాల తరబడి వాడిన మందును హఠాత్తుగా ఆపితే శరీరం అలా స్పందిస్తుంది. మా సలహాతో క్రమంగా తగ్గించాలి.

మార్ఫిన్ రాశారంటే చివరి ఘడియలేనన్నది పుకారు. చట్టం ఒప్పుకోదన్నదీ అంతే: మత్తుమందుల చట్టానికి 2014లో చేసిన సవరణ, గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లో ఇది దొరకడాన్ని సులభం చేసింది.

వచ్చేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, మాత్ర వేసుకున్న వేళలు రాసిన కాగితం తీసుకురండి. మోతాదు సరిచేయడానికి అవి చాలా ఉపయోగపడతాయి.