ఏసీలో గ్యాస్ అయిపోదు

ఎండలు ముదిరే వేళకు మా విజయవాడలో ఏసీ మెకానిక్కు దొరకడం కష్టం. చలికాలమంతా ఆపి ఉంచిన యంత్రాన్ని మార్చిలో మళ్లీ వేస్తే గాలి వస్తుంది గాని చల్లదనం రాదు. వచ్చిన మనిషి అవుట్‌డోర్ యూనిట్ పైపు మీద చెయ్యి పెట్టి చూసి, “గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి” అంటాడు. వంటింట్లో సిలిండరు అయిపోవడం మనకు అలవాటైన సంగతే కాబట్టి ఆ మాట ఎంతో సహజంగా వినిపిస్తుంది, మనమూ తల ఊపుతాం. నిజానికి ఏసీలోని గ్యాస్ వంటగ్యాసులా మండి పోదు, అరగదు, ఖర్చు కాదు. మూసిన రాగి గొట్టాలలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. బిగించిన రోజున ఎంత ఉందో పదేళ్ల తర్వాతా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. తగ్గకుండానే చల్లదనం పోయిందంటే మొదట చూడవలసింది గాలిని. ఇళ్లలో ఏసీకి వచ్చే జబ్బులలో నేను చూసినవి చాలావరకు ఈ రెండో రకానివే.

మట్టికుండ గోడల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని కుండలోని నీటి నుంచే లాక్కుంటుంది; అందుకే కుండనీళ్లు చల్లగా ఉంటాయి. ఏసీలో పని చేసేదీ ఈ సూత్రమే. కాకపోతే కుండ నుంచి పోయిన ఆవిరి తిరిగి రాదు, ఏసీ మాత్రం తన ఆవిరిని పట్టుకుని మళ్లీ ద్రవంగా మార్చుకుంటుంది. ఇప్పుడు వస్తున్న చాలా ఏసీలలో ఉండే ఆర్-32 అనే పదార్థం మామూలు వాతావరణ పీడనం దగ్గర సున్నాకు 52 డిగ్రీల దిగువనే మరుగుతుంది. ఇండోర్ యూనిట్ కాయిల్‌లో, అంటే మెలికలు తిరిగిన రాగి గొట్టంలో, దాని మీద అంతకు పది రెట్ల పీడనం ఉంటుంది కనుక అక్కడ అది 5 నుంచి 10 డిగ్రీల మధ్య మరుగుతుంది. దానికి మన 27 డిగ్రీల గది గాలే పొయ్యి. అలా గది వేడిని తాగి ఆవిరైన గ్యాసును కంప్రెసరు సుమారు 30 వాతావరణాల పీడనానికి నొక్కుతుంది. అంత ఒత్తిడిలో అది 50 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగా మారగలదు కాబట్టి, బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా అవుట్‌డోర్ కాయిల్ తన వేడిని ఆ గాలిలోకే వదిలించుకుంటుంది. ఆ ద్రవం ఇరుకైన దారి గుండా దూరి, పీడనం పోగొట్టుకుని, మళ్లీ చల్లగా లోపలి కాయిల్‌కు చేరుతుంది.

ఏసీ కొనేటప్పుడు చెప్పే టన్ను మంచు కాలపు లెక్క. సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అది ఒక టన్ను, అంటే దాదాపు మూడున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు తీసుకుని, గదిలోంచి ఐదు కిలోవాట్లకు పైగా వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. ఆ మోత అంతా రెండు కాయిల్‌ల మీదుగా పోయే గాలి ద్వారానే జరగాలి. అందుకే ఆ కాయిల్‌లకు మిల్లీమీటరున్నర ఎడంతో వందల కొద్దీ పలచని అల్యూమినియం రేకులు తొడుగుతారు. కొద్ది చోటులో గాలికి ఎక్కువ లోహం తగిలించే మంచి ఏర్పాటు అది. దుమ్ము పట్టుకోవడానికీ అంతే మంచి ఏర్పాటు.

ఇండోర్ యూనిట్ మూత ఎత్తగానే కనిపించే ప్లాస్టిక్ జాలీ ఆ దుమ్మును ఆపడానికే ఉంది. మా ఇంట్లో ఒక వేసవిలో, ఊరికి వెళ్లి వచ్చే హడావిడిలో, దానిని రెండు నెలలు ఎవరమూ కడగలేదు. ఒక రాత్రి గాలి పలచబడింది, ఏదో చిటపటమంటోంది. మూత తీసి టార్చి వేసి చూస్తే జాలీ మీద బూడిదరంగు కంబళి పరిచినట్టుంది, దాని వెనుక కాయిల్ అంతా తెల్లని మంచు. చల్లదనం రాని యంత్రంలో మంచు గడ్డకట్టడం వింతగా తోచవచ్చు. గాలి తగినంత రాకపోతే కాయిల్‌లోని ద్రవానికి వేడి అందదు, వేడి అందక కాయిల్ సున్నా కంటే దిగువకు జారుతుంది. అప్పుడు గాలిలోని తేమ రేకుల మీద మంచుగా పేరుకుని, మిగిలిన కాసింత గాలికి కూడా దారి మూసేస్తుంది. మంచు పెరిగిన కొద్దీ గాలి తగ్గుతుంది, గాలి తగ్గిన కొద్దీ మంచు పెరుగుతుంది. కొన్ని యంత్రాలు ఈ దశలో కంప్రెసరును తామే ఆపేస్తాయి; మా పాతదానికి ఆ తెలివి లేదు. ఆవిరి కాని ద్రవం కంప్రెసరులోకి వెళ్లిందంటే దాని ఆయుష్షు తరుగుతుంది. కంప్రెసరు ఆపి ఫ్యాన్ మాత్రమే తిరిగేలా రెండు గంటలు వదిలితే మంచు దానంతటదే కరిగిపోతుంది. చాకుతో గీకిన వాళ్లను నాకు తెలుసు. రేకుల మధ్య రాగి గొట్టానికి చాకు మొన తగిలితే అప్పుడు గ్యాస్ నిజంగానే అయిపోతుంది.

గ్యాస్ తక్కువైనా మంచు పడుతుంది, అందుకే తికమక. అనుభవమున్న మెకానిక్కులు ఒక తేడా చూస్తారు. గ్యాస్ తక్కువైతే మంచు ద్రవం వచ్చి చేరే కొస దగ్గర, బయట సన్న పైపు మీద మొదలవుతుంది, కాయిల్‌లో మిగతా భాగం పొడిగా, వెచ్చగా ఉండిపోతుంది. గాలి తక్కువైతే కాయిల్ ముఖమంతా దాదాపు ఒకేలా తెల్లబడుతుంది. వేసవిలో పదిహేను రోజులకు ఒకసారి జాలీని కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టే ఇంట్లో ఈ రెండో మంచు సాధారణంగా కనిపించదు.

కోస్తాలో ఏసీ పనిలో మంచి భాగం తేమను పిండడానికే పోతుంది. అసలు ఈ యంత్రం పుట్టింది కూడా అందుకే. 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం దీనిని రూపొందించాడు. అక్కడ తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగా పడేది కాదు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి 13 డిగ్రీలకు చల్లబడితే అందులో 11 గ్రాములే నిలుస్తాయి. తక్కినది కాయిల్ మీద చెమటలా కారి, కింద తొట్టిలో పడి, డ్రెయిన్ పైపులో బయటికి పోవాలి. ఒక ఆగస్టు మధ్యాహ్నం మా డ్రెయిన్ పైపు కింద బకెట్టు పెట్టి చూశాను; గంటకు లీటరుకు పైగా నీరు చేరింది. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చడమంటే, 19 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబరిచినంత పని. ఆ చీకటి తొట్టిలో దుమ్మూ తేమా కలిసి జిగట బూజు పెరుగుతుంది. అది పైపులోకి జారి అడ్డుపడినప్పుడే నీరు గోడ మీదికి కారుతుంది. ఏసీ వేయగానే వచ్చే ముక్కిపోయిన వాసన కూడా ఎక్కువగా ఆ తొట్టిదీ, గాలిని గదిలోకి తోసే బ్లోయరు రెక్కలదీ. సర్వీసింగులో జాలీ ఒక్కటే దులిపి వెళ్లిపోతే ఆ పని సగం కూడా కానట్టే.

బయటి యూనిట్ సంగతి మనం పట్టించుకోం, అది కనిపించదు కాబట్టి. హైదరాబాదు అపార్టుమెంట్లలో దానిని ఇరుకైన డక్టులో పెట్టి, ముందు అలంకారపు జాలీ బిగిస్తారు. వెనుక పావురాలు గూడు కడతాయి. వదిలిన వేడిగాలి ఎటూ పోలేక తిరిగి కాయిల్‌లోకే వస్తుంది. అప్పుడు బయట 42 డిగ్రీలున్నా యంత్రానికి మాత్రం 50 డిగ్రీల ఊళ్లో ఉన్నట్టే. పీడనం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి కంప్రెసరు వేడెక్కి ఆగిపోతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఏసీ మొరాయిస్తే గ్యాస్ మాట ఎత్తకముందు బయటి కాయిల్ కడిగించడం మేలు. కడగడంలో కూడా ఒక మెలకువ ఉంది. జెట్ పంపు నీటిని పక్కవాటుగా కొడితే రేకులు వంగి మూసుకుంటాయి. తిన్నగా, దూరం నుంచి కొట్టాలి. అంతకు ముందు మెయిన్ ఆపాలి. ఆపాక కూడా కెపాసిటరు అనే భాగంలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది గనుక బయటి మూత విప్పే పని తెలిసిన వాళ్లదే.

నిజంగా లీకయ్యే సందర్భాలూ ఉన్నాయి. విశాఖ బీచి రోడ్డు ఇళ్లలో ఉప్పుగాలికి రాగి, అల్యూమినియం కలిసేచోట తుప్పు మొదలవుతుంది. మురుగు కాలువ పక్కనైతే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు రాగి నల్లబడి తినుకుపోతుంది. మూడో రకం మరీ చిత్రమైనది. కొత్త చెక్కపని, వార్నిష్‌ల నుంచి వెలువడే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరి తేమతో కలిసి రాగి గోడలో కంటికి కనిపించని సొరంగాలు తవ్వుతుంది. కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం చీమలపుట్టలా ఉంటుంది, ఆ తుప్పుకు పేరు కూడా అదే. ఫార్మిక్ ఆమ్లాన్ని మొట్టమొదట రాబట్టింది చీమల నుంచే కావడం కేవలం కాకతాళీయం.

లీకును వదిలేసి గ్యాస్ నింపించుకోవడం చిల్లుబిందెలో నీళ్లు పోయడమే, వచ్చే మార్చికి మళ్లీ అదే కథ. సరైన పద్ధతిలో ముందు గొట్టాలలో నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీదా పైపులను బిగించే ఫ్లేర్ నట్ల మీదా సబ్బు నురుగు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తారు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే కంప్రెసరు నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉంది. లీకు అతికాక వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగుతారు. తేమ మిగిలితే నూనె ఆమ్లంగా మారి కంప్రెసరు మోటారు తీగచుట్టలను తింటుంది. ఆఖరున యూనిట్ మీద అంటించిన పట్టీలో ఎన్ని గ్రాములని ముద్రించారో అంత గ్యాసును త్రాసు మీద తూచి ఎక్కిస్తారు. ఇళ్ల ఏసీలో ఉండేది ఒక కిలోకు కాస్త అటూ ఇటూగానే కాబట్టి వంద గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. వ్యాక్యూమ్ పంపు, త్రాసు లేకుండా పీడనం చూపే గేజ్ ఒక్కటే పట్టుకొచ్చిన మనిషికి ఈ పని అప్పజెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆర్-32 కొద్దిగా, కొన్ని ఏసీలలో వాడే ప్రొపేన్ బాగా అంటుకునే గుణం ఉన్నవి కూడాను.

లీకైన గ్యాస్ ఆకాశంలో ఉండిపోతుంది. పాత ఏసీలలోని ఆర్-22 గ్యాస్ ఓజోను పొరను దెబ్బ తీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద తొలగిస్తూ వచ్చారు. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోనును ముట్టదు గాని, కిలో విడుదలైతే నూరేళ్లలో రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని పట్టి ఉంచుతుంది; ఆర్-32లో అది దాదాపు మూడో వంతు. 2016లో రువాండా రాజధాని కిగాలిలో కుదిరి, 2021లో భారత్ ఆమోదించిన సవరణ ఇలాంటి వాయువులను దశలవారీగా తగ్గించడానికే.

డాలస్‌లో ఉండే మా అన్నయ్య ఇంట్లో గదికో ఏసీ ఉండదు. ఇల్లంతటికీ ఒకటే యంత్రం, ఒకటే ఫిల్టరు. వేసవిలో చల్లగాలినీ, చలికాలంలో గ్యాస్ మంటతో కాగిన వేడిగాలినీ ఒకే బ్లోయరు గదులకు పంపుతుంది. మూసుకుపోయిన ఫిల్టరు అక్కడ వేసవిలో కాయిల్‌కు మంచు పట్టిస్తుంది, చలికాలంలో అందుకు తలకిందులైన పని చేస్తుంది. గాలి అందక, గాలిని కాచే ఫర్నేసు లోహం కాగిపోతే రక్షణ స్విచ్ మంటను మాటిమాటికీ ఆర్పేస్తుంది, ఇల్లు వెచ్చబడదు. ఆ లోహం పగిలితే కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి రావచ్చు గనుక అక్కడ దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరిగా పెట్టుకోవాలి.

మన దగ్గర 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా అమ్ముతున్నారు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. ఏసీ బాగా పని చేయనప్పుడు చాలామంది రిమోట్‌లో 18 నొక్కుతారు. దాని వల్ల వచ్చే గాలి మరింత చల్లబడదు, కంప్రెసరు ఆగకుండా తిరుగుతుంది, అంతే.

నా దగ్గర ఒక చిన్న థర్మామీటరు ఉంది. ఏటా మార్చిలో, ఏసీ వేసిన పావుగంటకు, పైనుంచి లోపలికి పోయే గాలినీ కింద నుంచి వచ్చే గాలినీ కొలిచి, తేడాను తేదీతో సహా ఇండోర్ మూత లోపలి వైపు పెన్సిలుతో రాస్తాను. మూడేళ్లుగా అక్కడ 11, 12, 11 అని ఉన్నాయి. ఈసారి 8 వచ్చింది. జాలీ శుభ్రంగానే ఉంది, మెకానిక్కు గ్యాస్ మాటే అన్నాడు. బయటికి వెళ్లి చూస్తే, పక్కింట్లో గోడలు గీకి రంగు వేసినప్పటి సున్నపు దుమ్ము అవుట్‌డోర్ కాయిల్ వెనుక పిండిలా పేరుకుని ఉంది. రెండు బకెట్ల నీళ్లతో కడిగించి, ఆరాక మళ్లీ కొలిచాను. 8ని కొట్టేయకుండా దాని పక్కనే 11 అని రాశాను.